దిగువ ఉండగా దిగులెందుకు?

పర్యావరణానికి హాని లేకుండా బతకడం ఎలాగో తెలియక ప్రపంచంలోని నగరాలన్నీ తలలు పట్టుకుంటున్నాయి. సదస్సులు పెట్టుకుంటున్నాయి, లక్ష్యాలు రాసుకుంటున్నాయి, గడువు దాటాక మళ్ళీ కొత్త లక్ష్యాలు రాసుకుంటున్నాయి. గోదావరి డెల్టాలో ఉన్న మా పట్నానికి ఆ అవస్థ లేదు. ఒక్క యూనిట్ కరెంటు ఖర్చు కాకుండా, చుక్క డీజిల్ కాల్చకుండా, చెత్తనూ మురుగునూ రాత్రింబగళ్ళు ఊరు దాటించే ఏర్పాటు మాకు ఉంది. దాని పేరు దిగువ.

ఈ ఘనత మాది అని చెప్పుకోవడం న్యాయం కాదు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేసిన కాటన్ దొరకే అది చెందాలి. పంట కాలువలు మెరక మీద, మురుగు కాలువలు పల్లంలో నడుస్తాయి. నీళ్ళు వాటంతట అవే వస్తాయి, వాటంతట అవే పోతాయి. "నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్న సామెతలో మొదటి సగాన్ని నమ్ముకుని డెల్టాలో 10 లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. రెండో సగాన్ని నమ్ముకుని మా పట్నం పారిశుధ్యం నడుస్తోంది.

దీన్ని వాడుకునే తీరులోనూ ఒక సంస్కారం ఉంది. పొద్దున ఆరున్నర ప్రాంతంలో కాలువ వంతెన దగ్గర నిలబడితే చూడవచ్చు. స్కూటర్ వంతెన ఎక్కగానే వేగం తగ్గుతుంది, కానీ ఆగదు. ఆగితే చెత్త వేసినట్టు అవుతుంది. కదులుతూ వదిలితే జారిపోయినట్టు అవుతుంది. హ్యాండిల్‌కు తగిలించిన నల్ల కవరు ఎడమ చేతిలోకి వస్తుంది, రెయిలింగ్ మీదుగా ఎగురుతుంది, అదే చెయ్యి వెంటనే కళ్ళకు అద్దుకుంటుంది. గంగమ్మ తల్లి కదా, దండం పెట్టకుండా పోతే పాపం. పూజ పువ్వులను చెత్తబుట్టలో వేయకూడదని మా వాళ్ళకు గట్టి పట్టింపు. అందుకని వాటిని కవరులో పెట్టి, ముడి వేసి, భక్తితో కాలువలో వేస్తారు. పువ్వులతో పాటు కవరుకు కూడా సద్గతి.

ఇక పెళ్ళిళ్ళలో మేము సాధించిన ప్రగతిని వివరంగా చెప్పుకోవాలి. అరటికి మా దగ్గర కొదవ లేదు. రావులపాలెం మార్కెట్‌లో గెలలు లారీల కొద్దీ ఎక్కి ఇతర రాష్ట్రాలకు పోతాయి. అయితే ఆకు కోస్తే చెట్టుకు నొప్పి. అందుచేత ఈమధ్య ఒక విందులో కాగితపు ఆకులు వేశారు. మీద అరటాకు బొమ్మ అచ్చువేసి ఉంది: నడిమి ఈనె, పక్క గీతలు, కొసన కొద్దిగా ఎండినట్టు గోధుమరంగు ఛాయ కూడా. అడుగున పులుసు కారిపోకుండా నిగనిగలాడే ప్లాస్టిక్ పొర. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆచారపరులు. ఆకు కొస ఎడమ చేతి వైపు ఉండాలి గనుక ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పించి సరిగా వేయించుకున్నారు. తర్వాత నీళ్ళు చిలకరించి, అరచేత్తో శ్రద్ధగా తుడిచారు. అచ్చు బొమ్మ మీద దుమ్ము ఉంటుందా అని ఎవరూ అడగలేదు. సంప్రదాయాన్ని కాపాడుకోవడమంటే ఇదే.

చిలకరించిన ఆ నీళ్ళు కూడా సామాన్యమైనవి కావు. ప్రతి ఆకు పక్కన అరచేతిలో ఇమిడే చిన్న సీసా, దాని మీద వధూవరుల ఫొటో. రెండు గుక్కలు తాగి పెట్టిన సీసా ఎవరిదో తెలియక అందరూ మరొకటి తెరిచారు. ఆ రాత్రికే ఆకులూ సీసాలూ వెనక దారి గుండా కాలువ గట్టుకు చేరాయి, గట్టు నుంచి కాలువకు చేరడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. కొత్త దంపతులు విహారయాత్రకు ఎక్కడికి వెళ్ళారో నాకు తెలియదు గానీ, మూడు రోజుల తర్వాత గుర్రపు డెక్క సందుల్లోంచి జంటలు జంటలుగా, నవ్వు చెదరకుండా లాకుల వైపు సాగిపోతూ కనిపించారు. పూర్వం పెళ్ళివారు ఈ కాలువల్లోనే పడవల మీద తరలివెళ్ళేవారు. ఆ వేడుక పోయిందని బాధపడేవాళ్ళు ఇకనైనా ఊరడిల్లవచ్చు.

ఇళ్ళ సంగతి. మా పట్నంలో కొత్తగా లేచే ప్రతి అపార్టుమెంటు పేరులోనూ గ్రీన్ అన్న మాట ఉండి తీరుతుంది. అది వరి చేను మీద లేచింది కాబట్టి ఆ మాటకు చారిత్రక ఆధారం కూడా ఉంది. చేలో మెట్ట ప్రాంతం నుంచి తెచ్చిన గ్రావెల్ పోస్తారు, అంటే ఒక కొండ కొంత తరిగి ఒక చేను కొంత పెరుగుతుంది, భూమాత లెక్కలో తేడా రాదు. గట్టు మీది కొబ్బరి చెట్లు కొట్టేస్తారు. వాటి స్థానంలో కడియం నర్సరీల నుంచి కుండీల్లో కొబ్బరిలా కనిపించే, కాయ కాయని మొక్కలు వస్తాయి. కాయ కాసే చెట్టయితే కారు అద్దం మీద పడుతుంది. మిగిలిన జాగా అంతా టైల్స్ పరుస్తారు. వాన పడితే నీళ్ళు ఇంకడానికి జానెడు మట్టి దొరకదు, బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. దానికి శుద్ధి యంత్రం పెట్టారు. అది ఒక బిందె మంచినీళ్ళు ఇచ్చి, అంతకంటే ఎక్కువే గొట్టం గుండా మురుగు కాలువకు వదులుతుంది. అది కూడా దిగువకే.

చట్టాలను మేము లక్ష్యపెట్టమని అనుకుంటారేమో. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, పళ్ళేలు నిషేధించారు. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని సంచులు కూడా కూడదన్నారు. మైక్రాన్లను మా దుకాణదారులు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి చెప్పగలరు, ఎన్నడూ తక్కువ తేలలేదు. కొబ్బరి బోండాల బండి అతను మరీ నిజాయితీపరుడు. స్ట్రా అడిగితే "ప్లాస్టిక్ బంద్ అండీ" అని చెయ్యి అడ్డంగా ఊపాడు. పార్సిల్ అడిగితే మాత్రం ప్రకృతి పకడ్బందీగా మూసి పంపిన కాయను కత్తితో చెక్కి, నీళ్ళను ప్లాస్టిక్ కవరులోకి వంచి, రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చాడు. డొక్కలు గట్టు మీద గుట్టపడతాయి. ఆ డొక్కల్లోని పీచుపొట్టునే ఇటుకలా నొక్కి ఆన్‌లైన్‌లో అమ్ముతుంటే, మా మిద్దె తోటల వాళ్ళు కొరియర్ ఖర్చు కూడా పెట్టుకుని తెప్పించుకుంటున్నారు.

ఇంత చైతన్యం మధ్య కూడా మారని మనుషులు కొందరు ఉన్నారు. మా వీధి చివర ఒక మామ్మగారు ఇప్పటికీ పాత చీర చెంగుతో కుట్టిన సంచి పట్టుకుని రైతు బజారుకు వెళ్తారు, పెరుగుకు గిన్నె తీసుకుపోతారు. ఆవిడకు పర్యావరణ స్పృహ లేదు, అలవాటు మాత్రమే ఉంది. స్పృహ ఉన్నవాళ్ళు గుడ్డ సంచులను డజను చొప్పున తెప్పించుకుంటారు. అవి అట్టపెట్టెలో, బుడగల ప్లాస్టిక్‌లో భద్రంగా చుట్టి వస్తాయి.

జూన్ 5న మేము ప్రపంచ పర్యావరణ దినోత్సవం జరుపుతాం. "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అన్న పిలుపును ఎండకు మాయనిది, వానకు తడవనిది అయిన ఫ్లెక్సీ మీద అచ్చువేయిస్తాం. ఆ ఫ్లెక్సీ ఏ పదార్థంతో తయారవుతుందో పట్టించుకోవడం చిన్నబుద్ధి. పైగా అది వృథా కాదు. సభ ముగిసిన రాత్రే మాయమవుతుంది. కోతలయ్యాక చేలల్లో బాతులు మేపుకునేవాళ్ళ గుడారం మీద, టిఫిన్ బండి పైకప్పు మీద, గడ్డివామి మీద మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. ప్రజలకు నీడగా ఉంటానని చెప్పిన నాయకుడు ఆ మాట నిలబెట్టుకున్నది నాకు తెలిసినంతలో అక్కడే.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక చిక్కు ఉంది. మాకు దిగువ ఉన్నట్టే మేము కూడా ఎవరికో దిగువ. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసే ముందు మా మంచినీటి చెరువును నింపుకునేది ఆ కాలువ నుంచే. పై పట్నం వాళ్ళు ఏం వేస్తారో, ఏం కడుగుతారో! వాళ్ళకు బొత్తిగా బాధ్యత లేదని తీవ్ర పదజాలంతో తీర్మానం చేశాం. సరిగ్గా అలాంటి కాగితమే దిగువ ఊరి నుంచి మాకూ వచ్చింది, మా తీర్మానం చూసి రాశారేమో అన్నంత పోలిక. కాచి చల్లార్చి తాగమని వాళ్ళకు జవాబిచ్చాం. చిట్టచివరి దిగువ అయిన సముద్రానికి కూడా కృతజ్ఞత లేదు. పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలువలను వెనక్కి నెడుతుంది, వాన తోడైతే చేలు మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు కాలువల గురించి కూడా మొత్తుకున్నారు. పట్నంలో ఆ మాట వినిపించలేదు. వినిపించడానికి అది ఎగువకు పారాలి కదా.

నన్ను అడిగితే అసలు తప్పు కాలువలకు నీళ్ళు కట్టేయడంలో ఉంది. నీళ్ళున్నంతకాలం మా పట్నం శుభ్రంగానే ఉంటుంది. ఏప్రిల్‌లో నీళ్ళు ఆపగానే అడుగు బయటపడుతుంది. తెగిన చెప్పులు, డైపర్లు, అద్దం పగిలిన దేవుడి పటాలు, థర్మోకోల్ మండపం ముక్కలు, చిన్న సీసాల్లో పోయినేటి దంపతులు. వంతెన మీద జనం గుమిగూడి "ఎవరు వేస్తారో ఇవన్నీ" అని ముక్కు మూసుకుంటారు. ఒకరిద్దరు ఫోనులో వీడియో తీసి అధికారుల నిర్లక్ష్యం అని శీర్షిక పెడతారు. నీళ్ళు ఆపకపోతే ఈ అప్రతిష్ఠ ఉండేది కాదు. మరమ్మతులు కావాలంటే కాలువ నిండా నీళ్ళుండగానే చేసే పద్ధతి ఇంజనీర్లు కనిపెట్టాలి.

ఇక దిగువ రుణం కొంతైనా తీర్చుకోవాలని ఈ ఏడాది మా కమిటీ నిర్ణయించింది. కాటన్ దొర విగ్రహానికి దండ వేయని ఊరు డెల్టాలో అరుదు, దిగువ ఊళ్ళకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక శాలువా అయినా కప్పలేదు. జూన్ 5 సభలో కాలువ చివరి ఊరి సర్పంచి గారిని సన్మానిస్తాం. భోజనం అరటాకుల్లోనే, అంటే అచ్చువేసిన వాటిలోనే. నీళ్ళ సీసాల మీద ఎవరి ఫొటో ఉండాలన్న దానిపై గంటసేపు వాదులాట జరిగి, చివరికి సర్పంచి గారిదే వేయాలని తేలింది. సభ ముగిసిన నాలుగు రోజుల్లో ఎలాగూ ఆయన ఊరికే చేరతాయి కాబట్టి, జ్ఞాపికల రవాణా కింద బడ్జెట్‌లో ఏమీ చూపలేదు.