సప్లయర్‌తో సంతకం పెట్టించుకుంటే సరిపోతుందా?

కార్మికుల పరిస్థితులు బాగున్నాయంటూ కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. సెప్టెంబరు 11న అక్కడ మంటలు లేచాయి. కిటికీలకు ఇనుప ఊచలు, బయటికి వెళ్లే దారులకు తాళాలు. 250 మందికి పైగా చనిపోయారు. ఎవరో కావాలనే నిప్పు పెట్టారని పాకిస్తాన్ కోర్టు తర్వాత తేల్చింది. నిప్పు ఎవరు పెట్టినా, అంతమంది పోయింది మాత్రం బయటపడే దారి లేకే. ఆ ఫ్యాక్టరీ సరుకును ఎక్కువగా కొనే జర్మన్ కంపెనీ కిక్ మీద బాధితులు డార్ట్‌మండ్ కోర్టుకెక్కితే, కేసు వేసే గడువు దాటిందని 2019లో కేసు కొట్టేశారు.

పర్యావరణం, మానవ హక్కుల మీద కంపెనీలకు సలహా ఇచ్చే ఏ లాయరైనా ఈ కేసు నుంచే మొదలుపెట్టాలి. కానీ చాలాచోట్ల జరుగుతున్నది వేరు. బాలకార్మికులను పెట్టుకోము, ఓవర్‌టైమ్ డబ్బు ఎగ్గొట్టము, నీళ్లు పాడుచేయము అని సప్లయర్‌తో సంతకం పెట్టిస్తారు. తేడా వస్తే నష్టమంతా నీదేనని కింద ఇంకో షరతు కలుపుతారు. అక్కడితో కంపెనీ చేతులు దులుపుకుంటుంది. దీన్ని సలహా అనలేం. బరువు తీసి కిందివాడి నెత్తిన పెట్టడమే ఇది.

సరుకు తయారయ్యే చోట మానవ హక్కులు, పర్యావరణం ఎలా ఉన్నాయో పెద్ద కంపెనీలే చూసుకోవాలనే జర్మనీ సప్లయ్ చైన్ చట్టం 2023 నుంచి అమల్లో ఉంది. అది కూడా దీన్ని ఒప్పుకోదు. బాధ్యతను సప్లయర్‌కు అప్పగించి తప్పించుకోలేరని ఆ చట్టం అమలు చూసే ప్రభుత్వ సంస్థ బాఫా తేల్చి చెప్పింది. ఇదే విషయం మీద 2024లో వచ్చిన యూరోపియన్ యూనియన్ ఆదేశమైతే, అవసరమైన చోట కొనుగోలు పద్ధతులే మార్చుకోమంది. అసలు విషయం అక్కడే ఉంది. ఏ రేటుకు కొంటున్నారు, ఎన్ని రోజుల్లో సరుకు కావాలంటున్నారు?

మన రొయ్యలే చూడండి. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే ఎగుమతిదారులు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ధరలు కోశారు, రైతులు గగ్గోలు పెట్టారు. అక్కడ ఒక డాలరు తగ్గితే ఇక్కడ ఎవరి జేబుకు చిల్లు పడుతుందో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. రైతు తర్వాత వంతు రొయ్యలు శుభ్రం చేసే షెడ్డుది. అక్కడ ఐసు నీళ్లలో చేతులు మొద్దుబారుతున్నా నిలబడే రొయ్యల తలలు తీసే ఆడవాళ్లలో చాలామందికి కూలి కిలోల లెక్కనే. బేరంలో రేటు విరిచేసి, ఒప్పందంలో 'న్యాయమైన వేతనం' అని రాయించుకుంటే ఆ మాటకు విలువేముంది? లాయరు ఉండాల్సింది రేటు మాట్లాడుకునే గదిలో. సంతకాల రోజుకు పిలిస్తే అప్పటికే ఆలస్యం.

ఈ చట్టాలతో చిన్న సప్లయర్లు ప్రశ్నావళులు నింపలేక చస్తున్నారని పరిశ్రమ వాళ్లంటారు. నిజమే. కానీ ఆ ప్రశ్నావళుల కుప్పలో చాలా భాగం బరువు కిందికి తోసే ఈ సలహాల నుంచే పుట్టింది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. హక్కుల గురించి రాసే ఈ కాగితాలు ఆ హక్కులున్న మనిషికి అర్థం కావు. ఒప్పందం ఇంగ్లిషులో, కంపెనీ ప్రవర్తనా నియమావళి ఇంగ్లిషులో. మన దగ్గర ఫ్యాక్టరీ పెట్టే ముందు జరిపే ప్రజాభిప్రాయ సేకరణలోనూ అంతే. ఫ్యాక్టరీ వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే పూర్తి నివేదిక ఇంగ్లిషులో వందల పేజీలు, ఊరివాళ్లకు తెలుగులో ఇవ్వాల్సింది సారాంశమే. తన బోరు నీళ్లు ఉప్పుబారతాయో లేదో తెలుసుకోవాలంటే రైతు ఇంగ్లిషు చదివిన వాణ్ని వెతుక్కోవాలా? ఫీజు తీసుకునే లాయర్లు ముందు ఆ పూర్తి నివేదికను తెలుగులో పెట్టించాలి. షెడ్డు గోడ మీద ఫిర్యాదు నంబరును తెలుగులో, వలస కూలీలుంటే వాళ్ల భాషలో కూడా రాయించాలి. ఆ నంబరుకు ఫోన్ చేసినామెను మర్నాడు పనిలోంచి తీసేయకూడదన్న షరతును కొనే కంపెనీ మీదే పెట్టాలి.