పది నిమిషాల్లో సినిమా అంట!

కావలి నుంచి నెల్లూరు బస్సు. పక్క సీటాయన స్పీకర్ ఫుల్లుగా పెట్టి "సినిమా కథ పది నిమిషాల్లో" చూస్తున్నాడు. హీరో తల్లి చచ్చిపోయింది, మూడు సెకన్లు. పెళ్లి, రెండు సెకన్లు. అంతలో ప్రకటన! ఇదేం కథయ్యా స్వామీ? ఇయర్‌ఫోన్స్ కొనుక్కోకూడదా?

తోలుబొమ్మలాట తెల్లార్లూ ఆడేవాళ్లు. తెర వెనక దీపం, చిల్లులు పొడిచిన రంగుల తోలు. అది కాస్త ఊగితే రావణుడికి ప్రాణమొచ్చేది. మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఎంత నవ్వించినా కథ ఎక్కడికీ పోయేది కాదు. రేడియో నాటకంలోనైతే తలుపు కిర్రుమంటే చాలు, ఇల్లంతా కళ్లకు కట్టేది. అవన్నీ ఈయనకెందుకు?

"సౌండ్ కాస్త తగ్గించు నా" అన్నాను.

"ఉండు నా, క్లైమాక్స్ వస్తా ఉండాది!"

కోవూరు కూడా రాలేదింకా.