ఊజీ ఈగ కడుపులో ఏముంది?

మామిడి కాయ మీద సూది గాటు, చుట్టూ మచ్చ కనిపించాక మందు కొట్టి లాభం లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల తోటల్లో ఊజీ ఈగ (కాయలో గుడ్లు పెట్టే పండు ఈగ) మీద ఇలా పెట్టే ఖర్చు వృథానే.

ఈ ఈగ తొక్క కింద గుడ్లు మాత్రమే పెట్టి పోదు. తన పేగులోని ఎంటరోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియానూ అక్కడ వదిలిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగు బయటికొచ్చేసరికి చుట్టూ గుజ్జు మెత్తబడి కుళ్లుతుంటుంది. మామిడి గుజ్జులో చక్కెర దండి, మాంసకృత్తులు అరకొర. ఆ లోటు పూడ్చుకోవడానికి పురుగుకు బాక్టీరియానే ఆసరా. దీని చుట్టమైన ఆలివ్ ఈగైతే మరీనూ: పేగులో ఎర్వినియా అనే బాక్టీరియా లేకపోతే దాని పురుగు పచ్చి కాయలో పెరగనే పెరగదు.

ఊజీ ఈగ పేగులోని సిట్రోబాక్టర్ అనే బాక్టీరియా ట్రైక్లోర్‌ఫాన్ అనే పురుగుమందును విరిచేస్తుందని ప్రయోగశాలలో తేలింది. అలాగని తోటలో మందు పారకపోతే ప్రతిసారీ బాక్టీరియాను తప్పుపట్టలేం. గుజ్జులో ఉన్న పురుగుకు పైన కొట్టిన మందు అందదు, అసలు లోపం అక్కడుంది. బాక్టీరియాను చంపే స్ట్రెప్టోసైక్లిన్ కలిపి కొడితే సరి అనుకోవడం శుద్ధ దండగ.

చేయాల్సిన పని నేల మీద ఉంది. రాలిన కాయలో పెరిగిన పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు గూడులో ఉండే దశ) చేరుతుంది. కాబట్టి రెండు మూడు రోజులకోసారి కాయలేరి రెండడుగుల లోతున పూడ్చాలి. గట్టు మీద కుప్ప పోస్తే ఈగల్ని మేపినట్టే. కోతయ్యాక పైపైన దున్నితే కోశాలు ఎండకు, పిట్టలకు చిక్కుతాయి.

ఎరకు 60 మి.లీ. ఆల్కహాల్, 40 మి.లీ. మిథైల్ యూజినాల్ (మగ ఈగల్ని వాసనతో లాగేది), 10 మి.లీ. మలాథియాన్ పురుగుమందు కలిపి, ప్లైవుడ్ ముక్కల్ని రెండు రోజులు నానబెట్టి బుట్టల్లో వేలాడదీయాలి. దీనికి వచ్చేవి మగ ఈగలే. మిగిలిన కొద్ది మగవీ చాలా ఆడ ఈగలతో జతకడతాయి, పక్క తోట నుంచి గుడ్డు మోసే ఆడవీ వస్తాయి. ఒక్కడే బుట్టలు కడితే ఫలితం అంతంతమాత్రం. ఊరి తోటలన్నిట్లో ఒకేసారి, కాయ ముదరకముందే కట్టాలి.

చిక్కల్లా కూలి దగ్గరే. 2025లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్నారు. అలాంటి ఏడాది కోత కూలే గిట్టదు, కాయ చెట్టు కిందే కుళ్లుతుంది. మరుసటి పంటను కాటేసే ఈగలు పెరిగేది అక్కడే. రాయితీ లెక్కలో రాలిన కాయ ఏరే కూలినీ చేర్చితే, మందుల మీద పెట్టే డబ్బు కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది.