చిలుము పట్టిన సెంటుకు ఒక సమర్థన

1815 అన్న అంకెతో వెలువడిన సెంటు నాణెం అమెరికాలో ఒక్కటి కూడా లేదు. బ్రిటన్‌తో సాగిన యుద్ధం వల్ల ఫిలడెల్ఫియా టంకశాలకు ఇంగ్లండు నుంచి రావలసిన రాగి బిళ్ళలు ఆగిపోయాయి, ఉన్న నిల్వ కాస్తా అయిపోయింది. 1793 నుంచి 1857 వరకు ఏటేటా వచ్చిన ఆ పెద్ద సెంట్ల వరుసకు గండి పడినది ఆ ఒక్క ఏడాదే. పరిమితమైన బడ్జెట్‌తో తొలినాటి అమెరికా రాగి నాణేలను సేకరించే నావంటి గృహస్థుకు ఆ ప్రభుత్వం ఇంతకు మించిన ఉపకారం మరేదీ చేయలేదని నా నిశ్చితాభిప్రాయం. గీత, గుంట, చిలుము, చిల్లు ఏవీ లేకుండా నా ఆల్బములో నిష్కళంకంగా ఉన్న గడి అదొక్కటే.

ఈ సెంటు అంటే నేటి అమెరికాలో పార్కింగు స్థలంలో పడి ఉన్నా ఎవరూ వంగి తీయని చిన్న బిళ్ళ అని పాఠకులు పొరబడకూడదు. అది అచ్చమైన రాగితో చేసినది, దాదాపు మన పాత వెండి రూపాయంత ఉంటుంది, పదకొండు గ్రాములకు కాస్త తక్కువగా తూగుతుంది. మొదట్లో పదమూడున్నర గ్రాముల దాకా ఉండేది గానీ, రాగి ప్రియమైపోవడంతో 1795 చివర్లో ఆ బరువు తగ్గించారు. మొట్టమొదట 1793లో వచ్చిన నాణెం మీద ఒక వైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి, రెండో వైపు పదిహేను లంకెల గొలుసు ఉంటాయి. గొలుసు రాష్ట్రాల ఐక్యతకు గుర్తు అని టంకశాలవారి ఉద్దేశం. స్వేచ్ఛకు అది అపశకునమనీ, దేవి కూడా బెదిరిపోయినట్టే కనిపిస్తున్నదనీ అప్పటి పత్రిక ఒకటి ఎద్దేవా చేసింది. 36,103 నాణేలు కొట్టి ఆ బొమ్మను ఆపేశారు. వాటిలో మేలైనదొకటి 2015 జనవరి వేలంలో 23.5 లక్షల డాలర్లకు పోయింది. మా ఇంట్లో విస్తృతమైన చర్చల అనంతరం నాకు మంజూరైన బడ్జెట్ నెలకు 60 డాలర్లు. అందులో ఒక్క డాలరు కూడా పక్కదారి పట్టకపోతే, ఆ నాణెం నా చేతికి రావడానికి సుమారు 3,264 సంవత్సరాలు పడుతుంది. ఈలోగా ధర పెరగదన్న నమ్మకం కూడా ఉండాలి.

అందుచేత పరిమిత బడ్జెట్ గలవాడు డబ్బు ఖర్చు పెట్టడానికి ముందు మాటలు నేర్చుకోవాలి. నాణెం స్థితిని ఇక్కడ 1 నుంచి 70 దాకా మార్కులతో చెబుతారు. ఇది నాణెమేనని, ఫలానా రకమని ఎలాగో పోల్చుకోగలిగితే ఒక మార్కు వేస్తారు. స్వేచ్ఛాదేవికి కన్నూ ముక్కూ చెరిగిపోయి, గోడ మీద నీడలాంటి ఆకారం మాత్రం మిగిలి ఉంటే నాలుగు మార్కులు వేసి దాన్ని ‘గుడ్’ అంటారు. ఎనిమిది వస్తే ‘వెరీ గుడ్’, పన్నెండు వస్తే ‘ఫైన్’ అంటారు. పదో తరగతిలో వందకు 35 రానివాణ్ణి చూసి కుటుంబం మొత్తం తల దించుకొనే సంప్రదాయంలో పెరిగిన నాకు, డెబ్బైకి నాలుగు తెచ్చుకున్నవాణ్ణి దగ్గరికి పిలిచి ‘గుడ్’ అని వీపు తట్టే ఈ నాగరికత మీద అపారమైన గౌరవం కలిగింది. పైగా, అంచు మీద నిలువు గీతలున్న 1795 నాటి సెంటు ఒకటి కేవలం పది మార్కులతో 2009లో 12.65 లక్షల డాలర్లు పలికింది. అలాంటివి చాలా అరుదు కాబట్టి దాని మార్కుల గురించి ఎవరూ నోరెత్తలేదు. మంత్రిగారి అబ్బాయి మార్కుల జాబితా మన దగ్గర కూడా ఎవరూ అడగరు.

ఈ కొలబద్దను 1949లో ప్రవేశపెట్టినవాడు విలియం షెల్డన్ అనే మనస్తత్వవేత్త. మనుషుల దేహాలను మూడు రకాలుగా విడగొట్టి వాటికీ అంకెలు వేసిన ఘనుడాయన. ఒక మార్కు సెంటుకు ఒక డాలరైతే డెబ్బై మార్కుల సెంటుకు డెబ్బై డాలర్లు అవుతుందని 1794 నాటి సెంట్లను పట్టుకొని ఆయన వేసిన లెక్క కొన్నేళ్ళకే చెల్లకుండా పోయింది గానీ, ఆ అంకెలు మాత్రం ఇప్పటికీ రాజ్యమేలుతున్నాయి. అయితే బడ్జెట్ సేకరణకు ఆయన చేసిన అసలు సేవ ఇది కాదు. న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవారి సేకరణలోంచి మంచి సెంట్లను తాను తీసుకొని, వాటి స్థానంలో తన నాసిరకం సెంట్లను పెట్టి వచ్చాడని తరువాత తేలింది. ఆదాయం పెరగకుండా సేకరణ స్థాయిని పెంచుకొనే మార్గాన్ని ఇంత నిష్ఠగా ఆచరించినవాడు మరొకడు లేడు. చట్టం అడ్డు వస్తున్నందున ఈ పద్ధతిని పాఠకులకు సిఫారసు చేయలేకపోతున్నందుకు విచారిస్తున్నాను.

ఆ మార్గం మూసుకుపోయిన తరువాత మిగిలేది చిలుము. పాత రాగి మీద ప్రాణం పెట్టుకున్నవారు నాణెం ఉపరితలాన్ని చాయిస్, యావరేజ్, స్కడ్జీ అని మూడు తరగతులుగా చెబుతారు. మూడో మాటను తెలుగు చేయడం నా వల్ల కాలేదు. పలికేటప్పుడు మూతి ఎలా తిరుగుతుందో దాని అర్థం అదే. నా సేకరణ యావత్తూ ఆ తరగతికి చెందినదే అయినా ఇంటికి వచ్చిన అతిథుల ముందు ఆ మాట ఎప్పుడూ వాడను. 1798 నాటి నా సెంటు మీద మశూచి మచ్చల్లాంటి గుంటలున్నాయి; అది కొన్ని దశాబ్దాలు పుడమితల్లి ఒడిలో విశ్రమించిందని చెబుతాను. 1803 నాటి దానికి చిల్లు ఉంది. ఎవరో ప్రేమమూర్తి దాన్ని తన బిడ్డ మెడలో కట్టి ఉంటుందని చెబుతాను. నిజానికి ఎవరో దాన్ని గడపకు మేకుతో కొట్టి ఉండవచ్చు. నాణెం మీద ఎవరి పేరైనా గుద్ది ఉంటే మాత్రం కథ అల్లవలసిన పని ఉండదు. న్యూహాంప్‌షైర్‌లో విల్కిన్స్ అనే పళ్ళ వైద్యుడు చేతికొచ్చిన పెద్ద సెంటు మీదల్లా తన పేరు గుద్ది ప్రచారం చేసుకున్నాడు, ఆ పాడైన నాణేల కోసం ఇప్పుడు జనం పోటీ పడుతున్నారు. గోడల మీద ప్రకటనలు రాయించుకొనే మన వైద్యులకు ఇంత దూరదృష్టి లేకపోయింది.

చిలుము తరువాత పేదవాడికి దక్కేది పరిశోధన. ఆ రోజుల్లో అచ్చులు చేతితో చెక్కేవారు కనుక ఏ రెండూ ఒకలా ఉండవు. 1793 నుంచి 1814 వరకు వచ్చిన సెంట్లను షెల్డన్ దాదాపు మూడు వందల రకాలుగా విడదీసి ఒక్కొక్కదానికి సంఖ్య వేశాడు. నాణెం రెండో వైపున గొలుసుకు బదులు వచ్చిన ఆకుల దండలో ఆకు మొన ఏ అక్షరం ఏ కాలి కింద ఆగింది, పండు కాడకు ఎటు వైపు ఉంది అన్న దాన్ని బట్టి నాణేనికి గోత్రం నిర్ణయమవుతుంది. ఈ విద్యకు పైసా ఖర్చు లేదు. అమ్మేవాడు గోత్రం చూడకుండా మామూలు ధరకు ఇచ్చేసిన అపురూపమైన రకాన్ని భూతద్దంతో పట్టేసే ఘట్టం కోసమే మావాళ్ళందరూ బతుకుతుంటారు. ఏడేళ్ళుగా ప్రతి శనివారం రాత్రి ఈ వేటలోనే ఉన్నాను. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అన్న సామెత పుట్టిన జాతిలో పుట్టిన నాకు ఇది కొత్త కూడా కాదు.

పరాయి దేశపు రాగి మీద ఈ మమకారం ఏమిటని మా బంధువులు అడుగుతుంటారు. వారికి నేను బర్మింగ్‌హామ్ పక్కన సోహోలోని మాథ్యూ బౌల్టన్ కార్ఖానా సంగతి చెబుతాను. అమెరికా టంకశాలకు ఏళ్ళ తరబడి రాగి బిళ్ళలు పంపింది ఆ కార్ఖానాయే. ఈస్టిండియా కంపెనీ 1794లోనూ 1797లోనూ మన ఉత్తర సర్కారుల కోసం రూపాయిలో నలభై ఎనిమిదో వంతు రాగి నాణేలు కొట్టించింది కూడా అక్కడే. స్వాతంత్ర్యం తెచ్చుకున్నవాడికీ పోగొట్టుకున్నవాడికీ పంక్తిభేదం చూపకుండా రాగి వడ్డించిన మహానుభావుడు బౌల్టన్. పైగా మనం నిత్యం అనే ‘డబ్బు’ అసలు ఒక రాగి నాణెం పేరు. కాబట్టి నేను డబ్బు పెట్టి కొంటున్నది డబ్బునే అని ఇంట్లో వాదించాను. వాదన నెగ్గింది గానీ బడ్జెట్ పెరగలేదు.

రాగి విషయంలో తెలుగు ఇళ్ళకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ నా బల్ల మీద 1817 నాటి సెంటు చూసి, “ఏరా, రాగిని ఇలా మసిబొగ్గులా ఉంచుకుంటారా?” అని చింతపండు, ఉప్పు వేసి పూజ చెంబుతో పాటు దాన్నీ తోమింది. రెండు వందల ఏళ్ళు గాలినీ చేతులనూ ఓర్చుకొని సంపాదించుకున్న గోధుమరంగు పొర రెండు నిమిషాల్లో పోయి, నాణెం అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల రంగులోకి వచ్చింది. ముప్పై డాలర్ల నాణెం ఐదు డాలర్లదయింది. “ఇప్పుడు చూడు, అమ్మవారి ముఖం ఎంత కళగా ఉందో” అని ఆవిడ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది, శుక్రవారం బొట్టు కూడా పడుతుంది.

పోయిన నెల రెండు నెలల బడ్జెట్ ముందుగానే వాడుకొని 1801 నాటి సెంటు ఒకటి కొన్నాను. మా పరిభాషలో దాన్ని ‘మూడు తప్పుల’ రకం అంటారు. చెక్కినవాడు దండకు ఒక కాడ మరిచాడు, యునైటెడ్ అన్న మాటలో మొదటి అక్షరం బదులు రెండు నిలువు గీతలు పెట్టాడు, సెంటు డాలరులో నూరో వంతు అని చూపవలసిన భిన్నంలో హారం స్థానంలో మూడు సున్నాలు వేశాడు. గుమాస్తా ఉద్యోగం ఊడే ఈ తప్పుల వల్లనే దాని ధర మిగతావాటికంటే ఎక్కువ. నాది చిలుము పట్టినది కనుక భూతద్దంలోంచి చూస్తే రెండు తప్పులే కనిపిస్తాయి. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, “సున్నాతో భాగించకూడదు కదా నాన్నా, దీనికి విలువే ఉండదు” అంది. పక్క గదిలోంచి నా భార్య, “ఏమండీ, ఇంతకీ దానికెంతయింది?” అని అడిగింది. నేను ఆల్బములో 1815 గడి ఉన్న పేజీ తీసి, దీనికి దమ్మిడీ కూడా కాలేదని ఉన్నమాటే చెప్పాను.