ఆటిజం ఉన్న స్త్రీ తల్లి కాకూడదన్న ప్రచారానికి ఖండన

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. ఆటిజం (మాటను, స్పర్శను, చప్పుళ్లను మెదడు పుట్టుకతోనే వేరే తీరులో గ్రహించడం) ఉన్న ఆడపిల్లకు పురిటినొప్పులు తెలియవని, బిడ్డ మీద మమకారం కలగదని, కాబట్టి ముందే గర్భసంచి తీయించడం మేలని, కాన్పయితే బిడ్డను అత్తగారికి అప్పగించాలని దాని సారాంశం. ఇందులో ఒక్క మాట కూడా నిలవదు.

ముందు నొప్పి సంగతి చూద్దాం. ఆటిజం ఉన్నవారిలో కొందరు ఒంట్లో వచ్చే మార్పులను ఆలస్యంగా గుర్తిస్తారు, కొందరికి అవే భరించలేనంత తీవ్రంగా తెలుస్తాయి, ఇంకొందరు అంత బాధలోనూ ముఖంలో ఏమీ కనబడనివ్వరు. కేకలు వేయడం లేదు కనుక నొప్పి లేదనుకుంటే కాన్పు ఎంతవరకు వచ్చిందో చూడటం ఆలస్యమై తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు వస్తుంది. కళ్లలో గుచ్చుకునే ట్యూబులైట్లు, ఫినాయిల్ వాసన, పక్క మంచం మీది అరుపులు, ముందుగా చెప్పకుండా చేసే లోపలి పరీక్ష, ఇవన్నీ ఒక్కసారిగా మీదపడితే కొందరికి నోట మాటే ఆగిపోతుంది. మన జిల్లాల్లో దీనికి భాష చిక్కు కూడా తోడవుతుంది: నర్సు ఒడియాలో అడిగిన ప్రశ్నకు తెలుగు ఇంటి పిల్ల జవాబు వెతుక్కునేలోపే రెండో ప్రశ్న వచ్చేస్తుంది. రెండు భాషలూ వచ్చి, ఆమె తీరు ఎరిగిన ఆడమనిషి పక్కన ఉండటం అందుకే అవసరం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడు ఉండేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతించింది. ముట్టుకునే ముందు చెప్పాలని, ఒక్కో ప్రశ్నే అడగాలని, మాట ఆగితే నొప్పి ఎంతో వేళ్లతో చూపుతుందని ఎనిమిదో నెలలోనే ఒడియాలో రాయించి కేసు షీటుకు జతచేయించండి. బరంపురం పెద్దాసుపత్రికి పంపినా ఆ కాగితం వెంట వెళ్తుంది.

ఇక మమకారం. 355 మంది ఆటిజం ఉన్న తల్లులను, 132 మంది ఇతర తల్లులను పోల్చి బ్రిటన్ పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటి పనులు చక్కబెట్టుకోవడం ఆటిజం ఉన్న తల్లులకు ఎక్కువ కష్టమైందని, కాన్పుకు ముందూ తర్వాతా కుంగుబాటు వారిలోనే ఎక్కువని, అయినా బిడ్డ అవసరాన్నే వారు ముందు పెట్టుకుంటున్నారని అందులో తేలింది. మాకు తెలిసిన ఒక ఇంట్లో, సాంబ్రాణి పొగకూ, బిగించిన నడికట్టుకూ, వచ్చేపోయే చుట్టాలకూ తట్టుకోలేక గోడవైపు తిరిగి పడుకున్న బాలింతను చూసి, ఈమెకు బిడ్డ అక్కర్లేదని అన్నారు. ఆమె మాత్రం పాలిచ్చిన ప్రతిసారీ గోడ క్యాలెండరు మీద సమయం రాసుకుంటోంది.

ఆమె సమ్మతి లేకుండా గర్భసంచి తీయించడం చట్టవిరుద్ధం. ఆటిజాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా సంతానశక్తిని పోగొట్టే ఏ చికిత్సా చేయరాదంటోంది. స్వల్ప మేధోవైకల్యం ఉన్న స్త్రీకైనా ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయకూడదని సుప్రీంకోర్టు 2009లోనే తీర్పు చెప్పింది.

బిడ్డను లాక్కోవడం సాయం కాదు. వంట, బట్టలు, రాత్రి ఒక పూట బిడ్డను ఎత్తుకోవడం ఇంట్లోవాళ్లు పంచుకోవాలి. పొగ ఆపి, చుట్టాలను కొన్నాళ్లు ఆగమనాలి. దిగులు రెండు వారాలు దాటినా, చావు మాట ఎత్తినా వెంటనే డాక్టరుకు చూపించాలి; మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడవచ్చు.