ఆకుకు కొలతలు, వేరుకు ఊహలు

ప్రెసిషన్ వ్యవసాయం (కొలతలు చూసి, ఖచ్చితంగా చేసే సాగు) పేరుతో పైరు నెత్తిన తిరిగే కళ్లకు లెక్క లేదు. డ్రోన్లు ఆకు రంగును పట్టేస్తాయి, ఉపగ్రహాలు పొలాన్ని గడులు గడులుగా చూపిస్తాయి. ఫోన్‌లో ఎర్రచుక్క వెలగగానే నీళ్లు పెట్టమంటారు. ఆ చుక్క వెలిగేసరికే మొక్క దాహంతో అల్లాడుతూ ఉంటుంది. ఆకు చెప్పేది జరిగిపోయిన కష్టం. రాబోయే కష్టం ముందుగా తెలిసేది వేరుకే. వేరు ఎంత లోతుకు దిగిందో చెప్పలేని ఏర్పాటును ఖచ్చితమైనదని పిలవడానికి నేను ఒప్పుకోను.

చిన్న లెక్క వేద్దాం. ప్రతి మీటరు లోతుకు 150 మిల్లీమీటర్ల నీటిని పైరుకు అందించగల నేల అనుకుందాం. అందులో సగం అయిపోగానే తడి ఇవ్వాలి. పైరు రోజుకు 6 మిల్లీమీటర్లు తాగుతోంది. వేళ్లు 60 సెంటీమీటర్లు దిగి ఉంటే 45 మిల్లీమీటర్లు వాడుకోవచ్చు, వారం దాకా బెంగ లేదు. అవే వేళ్లు 30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే నాలుగో రోజుకే తడి కావాలి. నేల అదే, ఎండ అదే. మారింది వేరు లోతు ఒక్కటే.

ఇంత కీలకమైన అంకెను చాలాచోట్ల పట్టికలోంచి తీసి వేస్తారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1998 నాటి మార్గదర్శకం మొక్కజొన్న గరిష్ఠ వేరు లోతును 1 నుంచి 1.7 మీటర్లుగా ఇచ్చింది. అంత ఎడం ఉన్న కొలతలోంచి ఒక అంకెను ఏరుకుని పొలమంతటికీ పులమడం ఏం న్యాయం? ఉపగ్రహం ఆదుకుంటుందా అంటే, నేల తేమను కొలవడానికి నాసా 2015లో పంపిన స్మ్యాప్ ఉపగ్రహం నేరుగా పసిగట్టేది పై 5 సెంటీమీటర్ల తేమనే.

పొలంలో గుంట తవ్వి, దాని గోడను నీళ్లతో మెల్లగా కడిగి చూడండి. యంత్రాలు తొక్కి గట్టిపడ్డ పొర తగలగానే వేరు కొన ఉబ్బి, పక్కకు తిరిగి, ఆ పొర మీదే పాకుతుంది. జానెడు దూరంలో వానపాము చేసిన రంధ్రం దొరికిన మరో వేరు అదే పొరను దాటి కిందికి దిగిపోతుంది. నేల ఎదురొత్తిడి 2 మెగాపాస్కళ్లు (ఒత్తిడి కొలమానం) దాటితే చాలా పైర్ల వేళ్లు దాదాపు ముందుకు సాగవు. నేల ఎండేకొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. అంటే నీరు తగ్గితే వేరు ఆగుతుంది. వేరు ఆగితే పైపొర మరింత త్వరగా ఎండుతుంది. అది ఎండితే వేరుకు దారి ఇంకా మూసుకుపోతుంది. ఈ చుట్టును పట్టుకోగలిగేది వేరు పెరుగుదలనూ నేల నీటినీ రోజురోజుకూ కలిపి లెక్కించే కంప్యూటర్ మోడల్ మాత్రమే. నేలలో నీటి కదలికకు రిచర్డ్స్ సమీకరణం 1931లోనే వచ్చింది. ఆ లెక్కలో వేరుకు చెందిన సగాన్ని మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల మారని ఒకే అంకెతో సరిపెడుతున్నాం.

ఇలాంటి మోడళ్లు అడిగే వివరాలు ఎక్కువ, నేలలో ఒక తేమ సెన్సర్ పాతితే చాలదా అనేవారున్నారు. ఎక్కడ పాతుతారు? 20 సెంటీమీటర్ల దగ్గర సెన్సర్ ‘పొడి’ అంటున్నప్పుడు పైరు 80 సెంటీమీటర్ల నుంచి హాయిగా తాగుతూ ఉండవచ్చు. సెన్సర్ వద్దనడం లేదు. దాని అంకెతో మోడల్‌ను ఎప్పటికప్పుడు సరిదిద్దుకుంటే రెండింటికీ విలువ పెరుగుతుంది.

అసలు కొరత పార పట్టే చేతులది. 1920లలో అమెరికా నెబ్రాస్కాలో వృక్షశాస్త్రవేత్త జాన్ వీవర్ కందకాలు తవ్వి పైర్ల వేళ్లను కొలిచి బొమ్మలు గీశారు. 1937లో మరో వృక్షశాస్త్రవేత్త హోవర్డ్ డిట్మర్ పెట్టెలో నాలుగు నెలలు పెంచిన ఒక్క రై (గోధుమ లాంటి ధాన్యం) మొక్క వేళ్లను కడిగి, కొలిచి, మొత్తం పొడవు సుమారు 620 కిలోమీటర్లని తేల్చారు. ఒక్క మొక్కకు! ఆ ఓపికకు నేడు నిధులిచ్చేవారు అరుదు. తెరమీద మెరిసే పటానికి డబ్బు పుడుతుంది, బురదలో వేళ్లు ఏరేవారికి పుట్టదు. కొలతలు లేని మోడల్ ఎంత పెద్ద కంప్యూటర్ మీద నడిచినా ఊహే. మోడల్‌కు ఇచ్చే ప్రతి నిధిలో కొంత భాగం మట్టి నమూనాలు తీసి, వేళ్లు కడిగి తూచే పనికి తప్పనిసరిగా కేటాయించాలి. నీటి సలహా ఇచ్చే ప్రతి యాప్‌లోనూ ‘వేరు లోతు’ గడిని తెరిచి ఉంచాలి. పైరు మోకాలెత్తు ఉన్నప్పుడు ఒకసారి, పూతకు వచ్చినప్పుడు మరోసారి రైతు తవ్వి చూసి, తన పొలం అంకెను తానే అందులో వేసుకోగలగాలి.