ఉదయం కార్టిసాల్ తక్కువుందని థైరాయిడ్ డోసు పెంచకండి

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు నలుగురైనా కనిపిస్తారు. మన నగరంతో కలిపి దేశంలోని 8 నగరాల్లో చేసిన సర్వే ఫలితాలు 2013లో వచ్చాయి. పెద్దవాళ్లలో సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ గ్రంథి మందగించడం, ఉందని అందులో తేలింది. మాత్ర మొదలుపెట్టాక ఎక్కువమంది కుదుటపడతారు. కొందరికి మాత్రం టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) నార్మల్‌కి వచ్చినా పొద్దున్నే మంచం దిగడం గండంగానే ఉంటుంది. డాక్టరుకి చెబితే "రిపోర్టు బాగానే ఉంది కదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అంటారు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే ఇంకో సమాధానం దొరుకుతుంది: మీ ఉదయం కార్టిసాల్ తక్కువ ఉంది, థైరాయిడ్ మాత్ర వేళ మార్చండి, లేదా డోసు పెంచండి, కార్టిసాల్ దానంతటదే పెరుగుతుంది. కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోనే ఈ కార్టిసాల్.

ఈ సలహా ప్రాణం మీదకు తేగలదు. దీన్ని నమ్మినవాళ్లను తప్పుపట్టడానికి మాత్రం నాకు మనసొప్పదు. ఐదు నిమిషాల కన్సల్టేషన్‌లో బాధ వినేవాళ్లు లేకపోతే, వినిపించుకున్నట్టు కనిపించే చోటికే ఎవరైనా వెళతారు.

ఈ ఆలోచన గాల్లోంచి పుట్టలేదు. టీఎస్‌హెచ్ రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య బాగా పెరుగుతుంది, దాని వెనకే గంటన్నర తేడాతో రక్తంలో టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ కాస్త లేస్తుంది. కార్టిసాల్ కూడా తెల్లవారుజామునే పైకి వెళ్లడం మొదలుపెట్టి మనం లేచే వేళకు శిఖరానికి చేరుతుంది. అంటే ఆ వేళకు అడ్రినల్ గ్రంథులకు టీ3 అందిస్తే అవి బాగా పనిచేస్తాయి కదా అన్న ఊహతో, బ్రిటన్‌లో ఒక రోగి అలారం పెట్టుకుని లేచి టీ3 వేసుకునే పద్ధతిని తన మీదే ప్రయత్నించి ప్రచారంలోకి తెచ్చారు. వినడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. అయితే దీన్ని సరైన క్లినికల్ ట్రయల్స్‌లో పరీక్షించి నిరూపించలేదు. ఒకరికి పనిచేసిందన్న అనుభవాన్ని, అడ్రినల్ గ్రంథి నిజంగానే దెబ్బతిన్న ఇంకొకరికి అంటగట్టడం దగ్గరే అసలు ప్రమాదం మొదలవుతుంది.

ఎందుకంటే థైరాయిడ్ హార్మోన్ పెరిగితే లివర్ కార్టిసాల్‌ను ఇంకా వేగంగా విరగ్గొట్టి బయటకు పంపేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న అడ్రినల్ గ్రంథి ఆ లోటును వెంటనే పూడ్చుకుంటుంది. దెబ్బతిన్న గ్రంథికి ఆ శక్తి ఉండదు. జీతం ఆగిపోయిన ఇంట్లో ఖర్చు పెంచినట్టవుతుంది. వాంతులు, బీపీ పడిపోవడం, రక్తంలో సోడియం, షుగర్ తగ్గడం, చివరికి స్పృహ కోల్పోవడం వరకూ వెళ్లవచ్చు. దీన్ని అడ్రినల్ క్రైసిస్ అంటారు. ఎమర్జెన్సీలో సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి, పెద్దవాళ్లకు మొదటి డోసు 100 మిల్లీగ్రాములు. అడ్రినల్ లోపాన్ని సరిచేయకుండా థైరాక్సిన్ (మనం వేసుకునే థైరాయిడ్ మాత్ర) వాడకూడదని ఆ మందుతో వచ్చే సమాచార పత్రంలోనే ఉంటుంది. ఎలుక చెవంత అక్షరాల్లో ముద్రించిన ఆ కాగితాన్ని మనం స్ట్రిప్‌తో పాటే పారేస్తాం.

డాక్టర్లు కూడా పడే ఒక ఉచ్చు ఇక్కడుంది. కార్టిసాల్‌కు టీఎస్‌హెచ్‌ను కాస్త అణిచి ఉంచే గుణం ఉంది. కార్టిసాల్ తగ్గితే టీఎస్‌హెచ్ నార్మల్ దాటి ఆరో ఏడో చూపించవచ్చు. నీరసమని వచ్చిన మనిషికి టీఎస్‌హెచ్ 7 అని రిపోర్టు వస్తే ఎవరైనా 50 మైక్రోగ్రాముల మాత్ర రాసేస్తారు. అసలు జబ్బు అడ్రినల్‌లో ఉంటే, కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఆ టీఎస్‌హెచ్ దానంతటదే దిగివచ్చే సందర్భాలున్నాయి. రెండు గ్రంథులూ ఒకే మనిషిలో దెబ్బతినడం కూడా కొత్త సంగతి కాదు. 1926లోనే ష్మిట్ అనే వైద్యుడు దీన్ని వర్ణించారు. శరీర రక్షణ వ్యవస్థ మొదట థైరాయిడ్ మీద, తర్వాత అడ్రినల్ మీద, లేదా అటూఇటూగా దాడి చేస్తుంది. అలాంటివాళ్లకు ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఈ వరస తప్పకూడదు.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకోటి ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కాన్పు సమయంలో రక్తం విపరీతంగా పోయినప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినవచ్చు. షీహాన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డకు పాలు పడవు, నెలసరి మళ్లీ రాదు, ఒంట్లో సత్తువ ఉండదు. "బాలింత నీరసం" అని ఇంట్లో సర్దిచెబుతారు. ఏళ్లు గడిచాక ఎవరో థైరాయిడ్ పరీక్ష చేయిస్తారు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసే పిట్యూటరీయే పనిచేయనప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గానో తక్కువగానో కనిపిస్తుంది, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ మాత్రం పడిపోయి ఉంటుంది. అదే పిట్యూటరీ అడ్రినల్‌కు కూడా ఆజ్ఞలిచ్చేది. కార్టిసాల్ చూడకుండా ఆమె చేతిలో థైరాయిడ్ మాత్ర పెడితే ఏం జరుగుతుందో పైన చెప్పుకున్నాం. "మీ కాన్పు ఎలా జరిగింది, రక్తం ఎక్కించారా, పాలు పడ్డాయా" అన్న మూడు ప్రశ్నలకు అర నిమిషం చాలు.

ఇక మన దగ్గర కార్టిసాల్ తగ్గడానికి తరచూ కనిపించే కారణం బయటి నుంచి వచ్చే స్టెరాయిడ్లే. ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే డెక్సా ఇంజెక్షన్, మోకాళ్ల నొప్పులకు పొట్లం కట్టిచ్చే పేరులేని పొడి, ముఖం తెల్లబడుతుందని నెలల తరబడి రాసుకునే క్రీము, ఉబ్బసానికి కోర్సు అయిపోయినా మెడికల్ షాపులో మళ్లీ మళ్లీ కొనుక్కునే ప్రెడ్నిసొలోన్. ఇవి ఎక్కువకాలం వాడితే అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. ఒక్కసారిగా మానేస్తే లేవదు. కరీంనగర్ నుంచి కూతురి దగ్గరకు కూకట్‌పల్లి వచ్చిన తల్లి, పొడి మానేసిన రెండు వారాలకు నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని అంటే, ఆ ఇంట్లో మొదట అనుమానం పడేది థైరాయిడ్ మీదే. పొడి సంగతి ఆవిడ చెప్పదు, ఆవిడ దృష్టిలో అది మందే కాదు. అడిగి రాబట్టాలి. వాడుతున్నట్టు తెలిస్తే దాన్ని డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి తప్ప ఉన్నపళంగా ఆపకూడదు.

పరీక్ష దగ్గర కూడా మనం చాలా అజాగ్రత్తగా ఉన్నాం. ఈ మధ్య నాకు చూపించిన ఒక రిపోర్టులో "మార్నింగ్ కార్టిసాల్" అని ఉంది, శాంపిల్ తీసిన సమయం ఉదయం 10.50. ఎనిమిది గంటలకు ఉండాల్సిన విలువతో దాన్ని పోల్చి, కింద గీత గీసి "లో" అని ముద్రించారు. ఆ వేళకు కార్టిసాల్ దిగిపోతూ ఉంటుంది, అది సహజం. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారి ఐదింటికి పడుకునే కుర్రాడికైతే ఎనిమిది గంటల శాంపిల్‌కు అసలు అర్థమే మారిపోతుంది. అతను ఎప్పుడు లేస్తాడో అడగకుండా తీసిన రక్తం ఎందుకూ కొరగాదు. గర్భనిరోధక మాత్రలు మొత్తం కార్టిసాల్‌ను ఎక్కువ చేసి చూపిస్తాయి. జుట్టు ఊడుతోందని వేసుకునే బయోటిన్ కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌నూ కార్టిసాల్‌నూ తారుమారు చేస్తుంది.

సరైన వేళలో తీసిన శాంపిల్‌లో డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే అడ్రినల్ లోపాన్ని గట్టిగా అనుమానించాలి. 15కు పైన ఉంటే చాలావరకు నిశ్చింత. మధ్యలో ఉన్నవాళ్లకు ఏసీటీహెచ్ (అడ్రినల్‌కు పిట్యూటరీ ఇచ్చే ఆజ్ఞ లాంటి హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత కార్టిసాల్ ఎంత లేచిందో చూస్తారు. 8 వచ్చిందనో 9 వచ్చిందనో "అడ్రినల్ ఫెటీగ్" అని పేరు పెట్టి సప్లిమెంట్లు అమ్మేవాళ్లను నమ్మొద్దు. 2016లో 58 అధ్యయనాలను జల్లెడ పట్టిన ఒక సమీక్ష అలాంటి జబ్బుకు ఆధారమే లేదని తేల్చింది. ఆ మనిషి అనుభవించే నీరసం నిజమే. దానికి రక్తహీనతో, విటమిన్ బి12 లోపమో, గురకతో చెడిన నిద్రో, డిప్రెషనో కారణం కావచ్చు.

థైరాయిడ్ మాత్ర వేళ మార్చడం పనికొచ్చే సందర్భాలూ లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి, పరగడుపున కంటే రాత్రి పడుకునేముందు వేసుకున్నప్పుడు మందు బాగా ఒంటబట్టిందని. పొద్దున్నే మాత్ర మింగి పది నిమిషాల్లో పాల టీ తాగేవాళ్లకు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు కలిపి వేసుకునేవాళ్లకు ఇది ఉపయోగపడవచ్చు. ఇది మందు ఒంటబట్టడానికి చేసే మార్పు, దీనితో కార్టిసాల్ లోపం తీరదు. ఆ ట్రయల్‌లో కూడా టీఎస్‌హెచ్ మెరుగైంది కానీ నీరసంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నీరసంగా ఉన్న ప్రతి ఒక్కరికీ కార్టిసాల్ పరీక్ష రాయమని నేను అనడం లేదు. బరువు పెరగాల్సింది తగ్గుతున్నా, నిలబడితే బీపీ పడిపోతున్నా, చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడుతున్నా, ఉప్పు తినాలని తెగ అనిపిస్తున్నా, అన్నిటికంటే ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక బాధ తగ్గకపోగా ఎక్కువైనా, డోసు పెంచేముందు ఆ పరీక్ష జరిగి తీరాలి. నిమ్స్‌లో, ఉస్మానియాలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి, అక్కడికి పంపవచ్చు. వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఇంట్లో వాడిన ప్రతి క్రీము ట్యూబూ, పొడి పొట్లమూ, ఇన్హేలరూ సంచిలో వేసుకుని వెళ్లండి. అప్పటిదాకా వాడుతున్న థైరాయిడ్ మాత్రను మీ అంతట మీరు పెంచొద్దు, ఆపొద్దు. వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఎమర్జెన్సీకే వెళ్లి, థైరాయిడ్ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారో ముందుగా ఆ సంగతే చెప్పండి.